శ్రీముఖలింగము: కళింగనగరము కర్షకగ్రామ మయిన విధము

శ్రీకాకుళము జిల్లాలో వంశధారకు నెడమగట్టున, జలుమూరు మండలమునందు, శ్రీముఖలింగ మను గ్రామము గలదు. చుట్టును వరిచేలు, ఒకప్రక్క నది, నడుమ మూఁడు ప్రాచీనశివాలయములు, వానిచుట్టు రైతుల యిండ్లు: ఇదియే యా యూరి స్వరూపము. మహాశివరాత్రికిని, వెనువెంట వచ్చు చక్రతీర్థస్నానమునకును తెలుఁగునాఁటనుండియు నొడ్రదేశమునుండియు వేలకొలఁది జనులు వచ్చి, వంశధారలో మునిఁగి, స్వామిని సేవించి పోవుదురు. ఆ సందడి యడఁగినపిమ్మట నూరు మరలఁ దన దుక్కులలోను, నాట్లలోను, నూర్పులలోను నిమగ్నమగును.

ఈ గ్రామమే యొకప్పుడు కళింగదేశమునకు రాజధానియై, కళింగనగర మను పేర గాంగరాజుల శాసనములందుఁ గీర్తింపఁబడినదని పరిశోధకులు నిర్ణయించియున్నారు. ఆ నిర్ణయ మే ప్రమాణముల ననుసరించి చేయఁబడినది? ఆ ప్రమాణము లెంతవఱకుఁ బోవును, ఎచ్చట నాఁగును? రాజధాని పోయి పల్లె యేల మిగిలినది? ఈ మూఁటిని విచారించుట యీ వ్యాసమున కుద్దేశము. ఈ విచార మొక్క ముఖలింగమునకే కాక, తనయూరు ప్రాచీనమని చెప్పికొను ప్రతిగ్రామమునకును పనికివచ్చును.

ప్రాచీనతకుఁ బ్రమాణములు

మనదేశమునఁ బ్రాచీనత లేని పల్లె లేదు. పాండవులు వనవాసమున నిదురించిన గుహయో, శ్రీరాముఁడు ప్రతిష్ఠించిన లింగమో, బకాసురుని యెముకలు పడిన దిబ్బయో ప్రతియూర నొకటి చూపుదురు. ఇట్టి కథలు నిరర్థకములు కావు. అవి జనుల భక్తిని, భావనను దెలుపును. కాని కాలమును దెలుపవు. ఒకగ్రామ మిన్నియేండ్లనాఁటిదని చెప్పవలెనన్న మూఁడు విధములైన సాక్ష్యములు కావలయును. మొదటిది, తేదీగల వ్రాఁతలో నా గ్రామనామము కనఁబడుట. రెండవది, ఆ నామమే మాఱియో మాఱకయో నేఁటివఱకు వ్యవహారమున నిలుచుట. మూఁడవది, ఆ వ్రాఁతలోఁ జెప్పఁబడిన నది, చెఱువు, కొండ, గుడి మున్నగు గుఱుతులు నేఁటిస్థలముతో సరిపోవుట. ఈ మూఁడును గలసినచో సిద్ధాంతము, రెండున్నచో సంభావ్యము, ఒక్కటియే యున్నచో నూహ మాత్రము.

కేవలనామసాదృశ్య మెంత మోసగించునో తెలిసికొనుటకు సంతబొమ్మాళి మండలమునఁ గడలియొడ్డున నున్న భావనపాడు నుదాహరింపవచ్చును. పాడనఁగా శిథిలమని తలఁచి, పూర్వ మచ్చట మహాభవనము లుండి కూలిపోయినవని యెవఁడేని చెప్పినచో వినుటకు సొంపుగనే యుండును. కాని పాడు, పూఁడి, పఱ్ఱు మొదలగునవి తెలుఁగు గ్రామనామములయం దూరని యర్థమిచ్చు ప్రాఁతపదములు. పాడు చివరగాఁ గల యూళ్లన్నియు శిథిలములే యైనచో నాంధ్రదేశమునఁ గాఁపురమునకుఁ జోటు మిగులదు. కావున నామ మొక సాక్షియే కాని న్యాయాధిపతి గాదు.

తామ్రశాసనము చెప్పు మాట

గాంగవంశమున మిక్కిలి ప్రసిద్ధుఁడు అనంతవర్మ చోడగంగదేవుఁడు. ఇతఁడు శా. శ. 999, అనఁగాఁ గ్రీ. శ. 1078వ యేఁట పట్టాభిషిక్తుఁడై, క్రీ. శ. 1147 వఱకు రాజ్య మేలెను. ఇతని తామ్రశాసనములలో విశాఖపట్టణశాసన మని వ్యవహరింపఁబడునది యొకటి శా. శ. 1040, అనఁగాఁ గ్రీ. శ. 1118వ సంవత్సరమునాఁటిది. అందు వంశానుచరితము విపులముగా వర్ణింపఁబడినది. కామార్ణవుఁడను నాదిపురుషుఁడు దక్షిణమునుండి సోదరులతో వచ్చి, మహేంద్రగిరిపై గోకర్ణస్వామి నర్చించి, కళింగమును జయించెననియు, తరువాతి తరమున రెండవ కామార్ణవుఁడు నగర మను పురమున నివసించి, యందు లింగరూపుఁడగు నీశ్వరున కున్నతమైన యాలయమును గట్టించెననియు, ఆ లింగము మధూకవృక్షమునుండి పుట్టినందున దానికి మధుకేశుఁడని పేరిడెననియు నందుఁ గలదు.

ఈ వంశకథలోఁ బురాణాంశము మెండు. దానిలోని రాజుల వరుసను గాని, పాలనాకాలములను గాని యున్నదున్నట్లు గ్రహింపఁజనదు. కాని శాసనము వ్రాయించిన 12వ శతాబ్దమున గాంగుల యాస్థానమునఁ దమ పూర్వరాజధాని నగరమనియు, అందలి దేవుఁడు మధుకేశుఁడనియు నమ్మకము దృఢముగా నుండెననుట మాత్రము నిస్సంశయము. తమ యేలుబడిలోని యాలయమునుగూర్చి రాజులును, వారి లేఖకులును పొరపడుట సంభవింపదు. కాఁబట్టి మధుకేశ్వరుఁడను దేవుఁ డెచ్చట వెలసియుండునో యచ్చటనే యా నగరమును వెదకవలయును.

ముఖలింగమందలి మూఁడాలయములలోఁ బెద్దది మధుకేశ్వరునిది. ఊరిప్రవేశమున సోమేశ్వరుఁడు, లోపల భీమేశ్వరుఁడు నున్నారు. మధుకేశ్వరాలయపు స్తంభములమీఁదను గోడలమీఁదను శిలాశాసనములు పెక్కులు గలవు. వానిలో దేవునిపేరు మధుకేశ్వరుఁడని స్పష్టముగా నున్నది. నగర మను స్థలనామమును గలదు. ఈ శాసనములు దక్షిణహిందూదేశ శాసనసంపుటములలో 1925వ యేఁటఁ బ్రకటితమైన యైదవ సంపుటమునఁ జేరి పండితలోకమునకు సులభములైనవి. ఇంతేకాక, ముఖలింగమునకుఁ బొరుగున నున్న పల్లెపేరు నగరికటకము. నగరమనునదియు, కటకమనునదియు రాజధానీవాచకములే. రెండు పదములును గలసి యొక సేద్యపుఁబల్లెకుఁ బేరై నిలుచుట యాకస్మికము గానేరదు. వ్రాఁత, వ్యవహారము, గుఱుతులు మూఁడు నిచ్చట నేకీభవించినవి.

గిడుగు రామమూర్తిపంతులుగారి కృషి

ఈ సమన్వయమును మొదటఁ జేసినవారు గిడుగు వేంకట రామమూర్తిపంతులుగారు. వారు 1863వ సంవత్సరమున ముఖలింగమునకుఁ జేరువనున్న పర్వతాలపేటలో జన్మించి, పర్లాకిమిడిలో నుపాధ్యాయులై, ప్రాచీనలిపులను స్వయంకృషిచే నేర్చికొని ముఖలింగశాసనములను జదివిరి. కళింగనగరము ముఖలింగమే యని వారు 19వ శతాబ్దము చివరిదశకమున వ్యాసము ప్రకటించిరి. నడగాము తామ్రశాసనమును, దీర్ఘాసి శిలాశాసనమును శాసనపత్రికయందుఁ బరిష్కరించినవారును వారే.

వారికిఁ బూర్వము పాశ్చాత్యపండితులు కొందఱు కళింగనగరమును వంశధారాసాగరసంగమమున నున్న కళింగపట్నముగాఁ దలఁచియుండిరి. ఆ వాదమునకుఁ గల యాధారములు రెండే: నామసాదృశ్య మొకటి, కళింగపట్నము పురాతనపు రేవగుట రెండవది. రేవుపట్నము సంపన్నమై యుండవచ్చును. రాజధానియే కావలెనను నియమము లేదు. అచ్చట మధుకేశ్వరుఁడు లేఁడు. గాంగరాజుల దానశాసనములతో నిండిన యాలయమును లేదు. ముఖలింగమున నవి యున్నవి. నది తీరమున నెగువనున్న రాజధానియు, నదీముఖమున నున్న రేవును వేఱువేఱై యొకదాని కొకటి తోడ్పడుట రాజ్యవ్యవహారమున సహజమే. కావున రామమూర్తిపంతులుగారి నిర్ణయమును తరువాతి శాసనజ్ఞులు విశేషముగా నంగీకరించిరి.

భాషావిషయమున వ్యావహారికవాదమును బూని సాహిత్యపరిషత్పక్షమువారితోఁ దీవ్రముగా విభేదించిన యా మహనీయుఁడే కళింగచరిత్రకుఁ బునాదిరాయి వేసెననుట స్మరణీయము. గ్రాంథికవాదులైన పండితులును వారి శాసనపఠనమును శిరసావహించిరి. సిద్ధాంతభేదము సత్యాన్వేషణమున కడ్డుగాదని దీనివలన మనము గ్రహింపవలసియున్నది.

ఇప్పచెట్టు కథ

ముఖలింగక్షేత్రమునుగూర్చి జనులు చెప్పు కథ యొకటి కలదు. శబరనాయకుఁ డొకనికి భార్య లిరువురు. వారి పెరట నొక యిప్పచెట్టుండెను. దాని పువ్వు లేఱుకొని యిరువురును జీవించుచుండిరి. శివభక్తురా లగు భార్య యేఱిన పువ్వులు బంగార మగుచుండఁగా రెండవయామె కసూయ పుట్టి కలహము పెరిఁగెను. నాయకుఁడు విసిగి, కలహమూలమగు చెట్టునే నఱుకఁబోఁగా, ఆ మొదట శివుఁడు ముఖముతోఁ గూడ సాక్షాత్కరించెను. మ్రోడే లింగమయ్యెను, ముఖము గన్పట్టినందున ముఖలింగ మని పేరు వచ్చెను.

ఇది కట్టుకథయని త్రోసివేయుటకుఁ బూర్వ మొక విషయమును గమనింపవలయును. మధూక మనఁగా నిప్పయే. క్రీ. శ. 1118వ సంవత్సరపు తామ్రశాసనము మధూకవృక్షమునుండి లింగము పుట్టినదని చెప్పుచున్నది. అనఁగా నేఁడు ముఖలింగమున ముసలివారు పిల్లలకుఁ జెప్పు కథలోని ప్రధానాంశ మించుమించు 900 ఏండ్లకుఁ బూర్వమే రాజశాసనమున కెక్కినది. శాసనము సంస్కృతమునఁ జెప్పినదానిని పల్లె తెలుఁగున నిలుపుకొన్నది. ఇప్పపువ్వు నాహారముగాఁ గొనువారు కొండలయందలి శబరులు. తూర్పుకొండల పాదమున వెలసిన గాంగరాజ్యము శబరులతోడి సంబంధము లేక వర్ధిల్లలేదనుట కీ కథయే సూచకము. గాంగుల కులదైవమగు గోకర్ణేశ్వరుఁడు నెలకొన్న మహేంద్రగిరి చుట్టు నేఁటికిని శబరులు నివసించుచున్నారు. వారి భాషకు 1931వ సంవత్సరమున వ్యాకరణమును, 1938వ సంవత్సరమున నిఘంటువును బ్రకటించినవారును రామమూర్తిపంతులుగారే. ఒకే విద్వాంసుఁడు రాజుల శాసనములను, కొండవారి మాటలను సమానాదరముతోఁ జదువుట చేతనే యీ క్షేత్రచరిత్ర యిరుప్రక్కలనుండియుఁ దెలియవచ్చినది.

సాక్ష్య మెచ్చట నాఁగును?

పండితులు మఱువరాని హద్దులు రెండు గలవు. మొదటిది నామసామ్యమునకు సంబంధించినది. భువనేశ్వరము చెంత హాథిగుంఫాశాసనమున ఖారవేలుని రాజధాని కళింగనగరియని పేర్కొనఁబడినది. అది క్రీస్తునకుఁ బూర్వపుశతాబ్దమునాఁటి మాటయని పెక్కండ్రి మతము. ఆ నగరిని పరిశోధకులలో ననేకులు భువనేశ్వరసమీపమునందలి శిశుపాలగఢముగా భావింతురు. 1948వ సంవత్సరమున నచ్చటఁ ద్రవ్వకములు జరిగి, కోటగోడలతోడి ప్రాచీననగరము బయల్పడినది. కావున ఖారవేలుని కళింగనగరియు, గాంగుల కళింగనగరమును నొక్కటియని చెప్పి ముఖలింగమునకు 2000 ఏండ్ల వయస్సు గట్టుట సాహసము. దేశము పేరు రాజధానికిఁ బెట్టుట యాచారము. రాజధాని మాఱినపుడెల్ల నా పేరును గూడ నడచును.

రెండవది కాలమునకు సంబంధించినది. మధుకేశప్రమాణము 12వ శతాబ్దమునకు నిష్కంటకముగాఁ జెల్లును. తొలి గాంగుల శాసనములు క్రీ. శ. 6వ శతాబ్దమునుండియుఁ గళింగనగరమునుండి వెలువడినవి. ఆ కళింగనగరమును ముఖలింగమే యని చెప్పుటకు, రాజవంశ మొక్కటియే యగుట, శాసనములు దొరకిన చోట్లు ముఖలింగమునకు దూరముగాకుండుట యను హేతువులు బలమైనవే. కాని యవి యనుమానప్రమాణములు. భూగర్భమునుండి నిశ్చితమైన సాక్ష్యము లభించినచో నీ భాగము సిద్ధాంతపదవి నందును. నగరికటకము పొలములలో నింకను భూమి చెప్పవలసినది చాల మిగిలియున్నది.

శాసనములలోని సేద్యపుఁబల్లెలు

రాజధానిని వదలి పల్లెలవైపుఁ జూచినచో మనకు మఱింత ధైర్యము కలుగును. తొలి గాంగులు తమ శకమును వాడిరి. అది క్రీ. శ. 5వ శతాబ్ద్యంతమున నారంభమైనది. ఆ శకపు 79వ యేఁట హస్తివర్మ వరాహవర్తనివిషయమునందలి రోహణకి గ్రామమున రణభీతోదయుఁ డను నారాయణదేవునికి నాఱు హలముల భూమి నిచ్చెను. రణభీతుఁడనునది యా రాజు బిరుదము. రోహణకియే శ్రీకాకుళసమీపమున నేఁడున్న రోణంకి. 80వ యేఁటి శాసనమునఁ గ్రోష్టుకవర్తనియందలి హొందేవక గ్రామభూమిని బడసిన జయశర్మ యురామల్లనివాసి. ఉరామల్లయే తరువాతఁ బండితపోషణకుఁ బేరుపొందిన యూర్లాము. 87వ యేఁట ఇంద్రవర్మ సిద్ధార్థకగ్రామమున దుర్గశర్మకు భూమి నిచ్చెను. సిద్ధార్థకము నేఁటి సిద్ధాంతముగా గుర్తింపఁబడినది. అదేసంవత్సరపు ఇంద్రవర్మశాసనమే మఱియొకటి సంతబొమ్మాళియందు దొరకినది. భావనపా డా సంతబొమ్మాళి మండలములోనిదే. టెక్కలియందును మాఠర, గాంగరాజుల తామ్రశాసనములు పెక్కు లభించినవి. మాఠరుల సింహపురము నేఁడు సింగుపురమై యున్నది.

ఈ శాసనములను జదువునపుడు మన కెదుట నిలుచునది రాజసభ గాదు, పొలము. భూమికిఁ గొలత హలము, అనఁగా నాఁగలి. ఒక నాఁగలితో దున్నఁదగినంత నేల యొక హలము. హద్దులు చెప్పునపుడు పుట్టలు, చెట్లు, వాఁగులు, చెఱువుగట్లు వరుసగా వచ్చును. సిద్ధార్థకదానమున కవకాశ మేమనఁగా, రాజు తనతల్లి పేరఁ జెఱువు ప్రతిష్ఠించుట. అంతటితో నాఁగక, ప్రతిగ్రహీత చెఱువుతూము తెఱచి నీరు పెట్టుకొనునపు డెవ్వరు నడ్డుపెట్టరాదని శాసనము కట్టడి చేయుచున్నది. భూమి నిచ్చి నీరీయకున్న దానము నిష్ఫలమని యాకాలపు రాజులెఱుంగుదురు. తూమునొద్ద నేఁడు జరుగు తగవు లానాఁడును జరుగుచుండెననియు నీ యొక్క వాక్యము చాటుచున్నది. ఇప్పుడు వంశధారకు గొట్టావద్ద నానకట్టయుఁ గాలువలును నేర్పడినవి. కాలువ చివరిభూములవారికి నీరందునా యను ప్రశ్నకు మాత్రము వయస్సు 1400 ఏండ్లు దాఁటినది.

ఈ శాసనములలోఁ బెక్కింటిని వ్రాసినవాఁడు భానుచంద్రుని కుమారుఁడగు వినయచంద్రుఁడు. రాజుల పేళ్లును బిరుదములును వానిలో ఘనముగా నున్నవి. కాని 6వ శతాబ్దపు రోహణకియు, ఉరామల్లయు, సిద్ధార్థకమును నేఁటికిని రోణంకిగా, నూర్లాముగా, సిద్ధాంతముగా నిలువఁగా రాజులలో నొక్కనిపేరును వ్యవహారమున మిగులలేదు. రాజుపేరు రాగిలో నిలిచినది. పల్లెపేరు నోట నిలిచినది. రెంటిలో నోటిదే బ్రదికియున్నది.

తెలుఁగు వాఙ్మయమునకుఁ గళింగపుఁగానుక

ఈ విచారమున వాఙ్మయపరిశోధకులకు ముఖ్యమగు విషయ మింకొకటి గలదు. తొలి గాంగులశాసనములు సంస్కృతమయములు. 11వ శతాబ్దమునుండి ముఖలింగమందును జుట్టుప్రక్కలను దెలుఁగు శిలాశాసనములలో విరివిగాఁ గాన్పించును. చోడగంగుని తండ్రియగు రాజరాజు సేనానాయకుఁడు బాణపతి శా. శ. 997, అనఁగాఁ గ్రీ. శ. 1075వ యేఁట దీర్ఘాసిలో వేయించిన శిలాశాసనము సంస్కృతాంధ్రముల రెంట నున్నది. రాజమహేంద్రవరమున నన్నయభట్టారకుఁడు భారతరచనకుఁ బూనిన కాలమునకును దీనికిని నడుమ నెన్నో యేండ్లు లేవు. వంశధారాతీరమునఁ దెలుఁగు గౌరవాస్పదమైన శాసనభాషగా నప్పటికే వర్తిల్లుచుండెననుటకు నిది తిరుగులేని సాక్ష్యము. ఆలయమునకు నఖండదీపము నిచ్చినవాఁడు, దానికి మూలధన మేర్పఱచినవాఁడు, దానిని గాపాడుటకుఁ బూనినవాఁడు: వీరి పేళ్లును వాడుకమాటలును రాతిమీఁద నున్నవి. కావ్యములలో దొరకని పదములు, ప్రత్యయరూపములు వానిలో దొరకును. పదకోశకర్తలు దీపదానశాసనములను విసుగు గొలుపునవని ప్రక్కకుఁ ద్రోయరాదు.

రాజధాని పల్లె యగుట

చోడగంగుఁ డుత్కలమును జయించి పూరీజగన్నాథాలయమును నిర్మింపఁజేసెను. రాజ్యము మహానదీతీరమువఱకు వ్యాపించినపిదప, దక్షిణమూలనున్న కళింగనగరము రాజ్యమునకుఁ గేంద్రము గాఁజాలకపోయెను. రాజపీఠ ముత్తరమునఁ గటకమునకుఁ దరలెను. దానములును గ్రమముగాఁ బూరీకిని, శ్రీకూర్మమునకును, సింహాచలమునకును బ్రవహించెను. శత్రువులు తగులఁబెట్టుటచేతఁ గాక, ధనమును నధికారమును మఱియొకచోటికిఁ బోవుటచేతనే కళింగనగరము నిశ్శబ్దముగా సన్నగిల్లినట్లు తోఁచును. ఉద్యోగులు వెడలిరి, వర్తకులు వెడలిరి. వెడలలేనివాఁడు నేలను నమ్ముకొన్నవాఁడు. వానితోఁగూడఁ గదలలేని దేవుఁడు నిలిచెను. ఈ యిరువురును గలసి నగరమును గ్రామముగాఁ గాపాడిరి.

ఇట్టి పరిణామము ముఖలింగమున కొక్కదానికే చెందినది గాదు. వేంగీరాజ్యమునకు మూలమగు వేంగి నేఁడు పెదవేగి యను కర్షకగ్రామము. ధాన్యకటకము ధరణికోటయైనది. దేశాంతరములందును నిట్లే. బల్గేరియాదేశపు టుత్తరభాగమున, క్రీ. శ. 2వ శతాబ్దారంభమున రోమకచక్రవర్తి యగు ట్రాజను డేసియనులపై గెలుపునకు గుఱుతుగా నికోపోలి సను పట్టణమును స్థాపించెను. జయనగర మని దాని యర్థము. పట్టణము శిథిలమై శతాబ్దములు గడచినవి. ఆ శిథిలములచెంత సేద్యము చేసికొను పల్లెకు మాత్రము నేఁటికిని నిక్యుప్ అని పేరు. జయనగరమను నర్థము నశించినను, ధ్వని చిక్కిపోయి పల్లెవారి నాలుకపై నిలిచినది. నికోపోలిసునకు నిక్యుప్ ఎట్టిదో, కళింగనగరమునకు నగరికటక మట్టిది. భాషలు వేఱైనను గ్రామస్వభావ మొక్కటియే: తా నర్థమెఱుంగని పేరునైనను బల్లె విడువదు.

ఇప్పటి కర్తవ్యము

అట్లని పల్లెపేరు శాశ్వతమని నిశ్చింతగా నుండుటకు వీలులేదు. పల్లెవారు చెదరినపుడు పేరు చెదరును. సంతబొమ్మాళి మండలమున మూలపేటయందు నూతనపు రేవునకు 2023వ సంవత్సరమున శంకుస్థాపన జరిగినది. మొదట దీనిని భావనపాడు రేవనియే వ్యవహరించిరి. రేవువలన దేశమునకు లాభము గలుగవచ్చును; దానిని నిరోధింపవలెనని మన వాదము గాదు. అయితే తీరపుఁబల్లెలవారు నివాసము మార్చుకొనవలసివచ్చినపుడు, వారి యిండ్లకు వెల గట్టినట్లు వారి పొలముల పేళ్లకును, దిబ్బల పేళ్లకును, చెఱువుల పేళ్లకును లెక్క వ్రాయువా రెవ్వరు? 2020వ సంవత్సరాంతమున నాంధ్రప్రదేశమున నారంభమైన భూముల పునఃకొలతలో ప్రాఁతసంఖ్యలకు మాఱుగాఁ గ్రొత్తసంఖ్యలు వచ్చుచున్నవి. సంఖ్య భూమిని గుర్తించును, చరిత్రను గుర్తింపదు. తామ్రశాసనములలోని హద్దులను నేఁటి నేలపైఁ బోల్చుట కాధారము పొలముల పేళ్లే. అవి పోయినచో మఱియొక రోహణకి దొరకినను దాని రోణంకిని జూపఁగలవారుండరు.

కావునఁ బాఠశాలాపండితులకు మూఁడు విన్నపములు. ఒకటి: మీ విద్యార్థులచేఁ దమతమ యూళ్లలోని పొలములు, చెఱువులు, తూములు, దిబ్బలు, గ్రామదేవతలు, వీని పేళ్లను పెద్దలనోట వినినవి వినినట్లు వ్రాయింపుఁడు. సంస్కృతీకరింపకుఁడు, సవరింపకుఁడు, అపభ్రంశమని తోఁచిన రూపమునందే ప్రాచీనత దాఁగియుండును. రోణంకిని సవరించి మఱియొక సొంపైన పేరు పెట్టియుండినచో రోహణకి మనకుఁ జిక్కకపోయెడిది. రెండు: నాఁగటికి రాగిరేకులుగాని, విగ్రహములుగాని తగిలినచో వానిని గరఁగింపనీక, అమ్మనీక, కలెక్టరునకుఁ దెలుపునట్లు రైతులకు బోధింపుఁడు. 1878వ సంవత్సరపు నిక్షేపముల శాసన మిందులకే యేర్పడినది. రాగి వెల కొన్ని రూపాయలు. అందలి యొక యూరిపేరునకు వెలలేదు. మూఁడు: దొరకినచోటును, లోఁతును, ప్రక్కనున్న గుఱుతులను వెంటనే వ్రాసియుంచుఁడు. స్థలమెఱుంగని శాసనము తల్లి నెఱుంగని బిడ్డవంటిది.

శ్రీముఖలింగపు రైతు తనచేను దున్నుకొనునపుడు రాజధానిని దున్నుచున్నానని తలఁపఁడు. తలఁపవలసిన పనియు లేదు. వాని వాడుకలో నగరికటక మొక యూరు, ఇప్ప యొక చెట్టు, మధుకేశ్వరుఁడు తన దేవుఁడు. ఈ మూఁడు మాటలను వాఁడు తప్పక పలుకుచుండుటచేతనే యొక పాఠశాలోపాధ్యాయుఁడు తామ్రశాసనమును గ్రామముతో ముడివెట్టి కళింగరాజధానిని వెలికిఁ దీయఁగలిగెను. అట్టి మాటలు మన తీరమున నింక నెన్ని పల్లెలలో వినఁబడుచున్నవో వెదకి వ్రాసికొనుటయే మన ప్రథమకర్తవ్యము.